ఇన్‌టేక్ మారిస్తే పవర్ పెరుగుతుందా? బెంగళూరు గ్యారేజ్ నుంచి అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో కార్ల ట్యూనింగ్ నా వృత్తి. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనవాళ్లు చాలామంది నా దగ్గరికి కార్లు తెస్తుంటారు. కొత్తగా స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లు ముందు అడిగేది ఒకటే: "అన్నా, ఏ బ్రాండ్ ఇన్‌టేక్ వేయిద్దాం?" ఇన్‌టేక్ అంటే ఇంజిన్‌లోకి గాలి తెచ్చే ఫిల్టర్, బాక్స్, పైపు. బ్రాండ్ సంగతి ఆఖర్న. కంపెనీ ఇచ్చిన ఇన్‌టేక్ అసలు గాలికి అడ్డుపడుతోందా లేదా అన్నది ముందు తేలాలి. అది కొలిచి తెలుసుకోగల విషయం. కొలవకుండానే వేలకు వేలు పోస్తున్నారు, నా బాధంతా అదే.

అపోహ: ఇన్‌టేక్ మారిస్తే 15, 20 హార్స్‌పవర్ ఖాయం

టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే పరికరం) లేని ఇంజిన్‌తో మొదలుపెడదాం. మీ కారులో మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనాన్ని కొలిచేది) ఉంటే మామూలు ఓబీడీ డాంగిల్ (కారు సెన్సర్ల రీడింగ్‌లను ఫోన్‌కి పంపే చిన్న ప్లగ్), ఫోన్ చాలు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి ఆ సెన్సర్ రీడింగ్ చూడండి. అది బయటి గాలి పీడనం. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ 91 కిలోపాస్కల్స్ దగ్గర చూపిస్తుంది. చెన్నైలో అయితే 101 దగ్గర ఉంటుంది. తర్వాత డైనో (కారు పవర్ కొలిచే యంత్రం) మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగగల గరిష్ఠ వేగం) దగ్గర అదే రీడింగ్ రికార్డ్ చేయండి.

88 వచ్చిందనుకోండి. అంటే ఫిల్టర్, బాక్స్, పైపు, థ్రాటిల్ బాడీ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి కవాటం) అన్నీ కలిసి తింటున్నది 3 కిలోపాస్కల్స్. మొత్తం అడ్డు తీసేసినా పెరిగేది సుమారు 3 శాతమే. థ్రాటిల్ బాడీ ఎలాగూ అక్కడే ఉంటుంది కనుక అందులోనూ కొంతే మీకు దక్కుతుంది. అదే 82 వచ్చిందంటే ఆలోచించాల్సిందే. అప్పుడు కూడా ముందు కొత్త కంపెనీ ఫిల్టర్ వేసి మళ్లీ కొలవండి. చాలాసార్లు దుమ్ము పట్టిన పాత ఫిల్టరే కారణం.

ఎత్తు వల్ల పోయే పవర్ సంగతి కూడా చెప్పాలి. చెన్నైతో పోలిస్తే ఇక్కడ గాలి సాంద్రత దాదాపు 10 శాతం తక్కువ, టర్బో లేని ఇంజిన్ పవర్ కూడా దాదాపు అంతే తగ్గుతుంది. ఆ పది శాతాన్ని ఏ ఇన్‌టేకూ తిరిగి తేలేదు.

అపోహ: టర్బో కారుకైతే ఇన్‌టేక్ ఇంకా బాగా పనిచేస్తుంది

ఇందులో సగం నిజం ఉంది. కంపెనీ ట్యూన్‌లో ఎంత బూస్ట్ (టర్బో పెంచే గాలి పీడనం) ఉండాలో ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ముందే లెక్క కట్టుకుని ఉంటుంది. గాలి సులువుగా వస్తే వేస్ట్‌గేట్‌ను (టర్బోను తిప్పే పొగను పక్కకు వదిలే కవాటాన్ని) ఇంకాస్త తెరిచి, పాత బూస్ట్‌నే పట్టుకుంటుంది. అందుకే ట్యూన్ మార్చని కారులో తేడా పెద్దగా కనిపించదు.

రీమ్యాప్ చేసి (ఈసీయూ సెట్టింగ్‌లు మార్చి) బూస్ట్ పెంచితే లెక్క మారుతుంది. మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే భాగంలో) మొత్తం 200 కిలోపాస్కల్స్ కావాలనుకుందాం. చెన్నైలో టర్బో గాలిని 1.98 రెట్లు నొక్కితే సరిపోతుంది. బెంగళూరులో 2.2 రెట్లు నొక్కాలి. ఫిల్టర్ దగ్గర ఇంకో 2 కిలోపాస్కల్స్ పోతే అది 2.25 అవుతుంది. టర్బో వేగం పెరుగుతుంది, గాలి ఇంకా వేడెక్కుతుంది. కాబట్టి రీమ్యాప్ చేసిన కారుకి మంచి ఇన్‌టేక్ చెన్నైలో కన్నా ఇక్కడే ఎక్కువ ఉపయోగం. అయినా నా అభిప్రాయం చెబుతున్నాను: స్టేజ్ 1 (పెద్ద పార్టులు మార్చకుండా రీమ్యాప్ మాత్రమే) వరకు కంపెనీ బాక్స్‌లో మంచి ప్యానెల్ ఫిల్టర్ చాలు. పెద్ద టర్బో వేసినప్పుడు ఇన్‌టేక్ గురించి మాట్లాడదాం.

డైనో షీటు చూపించి అమ్మేవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. రోడ్డు మీద ఉండని విధంగా బానెట్ తెరిచి, ముందు ఫ్యాన్ పెట్టి తీశారా? ఎత్తుకు కరెక్షన్ వేశారా, అంటే ఎత్తు వల్ల పోయిన పవర్‌ను లెక్కలో కలిపారా? టర్బో ఆ ఎత్తు నష్టాన్ని చాలావరకు తానే పూడ్చుకుంటుంది. దాని మీద మళ్లీ పూర్తి కరెక్షన్ వేస్తే లేని పవర్ కాగితం మీద పుడుతుంది.

అపోహ: కోన్ ఫిల్టర్ అంటే కోల్డ్ ఎయిర్

బానెట్ కింద తెరిచిపెట్టిన కోన్ పీల్చేది ఇంజిన్ వేడినే. సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర పది నిమిషాలు ఆగి, ఇన్‌టేక్ టెంపరేచర్ రీడింగ్ చూడండి. లోపలికి వెళ్లే గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత దాదాపు 3 శాతం తగ్గుతుంది. ఫిల్టర్ మార్చి సంపాదించింది అక్కడే పోయింది. చుట్టూ మూసిన బాక్స్, బయటి నుంచి గాలి తెచ్చే డక్ట్ ఉన్న కిట్ అయితేనే తీసుకోండి. కార్బన్ ఫైబర్ పైపు కోసం అదనంగా ఖర్చు చేయనక్కర్లేదు. పూర్తి వేగంలో గాలి ఆ అర మీటరు పైపులో ఉండేది సెకనులో నలభయ్యో వంతు కూడా కాదు, వేడెక్కడానికి టైమే ఉండదు.

అపోహ: పైపు ఎంత లావైతే అంత మంచిది

మ్యాఫ్ సెన్సర్ (లోపలికి ఎంత గాలి వెళ్తోందో ఈసీయూకి చెప్పేది) ఉన్న కార్లలో ఇది ఇంజిన్‌కే ప్రమాదం. ఆ సెన్సర్ మొత్తం గాలిని కొలవదు. తన మీదుగా పోయే కొంత గాలిని చూసి, పైపు సైజును బట్టి మొత్తం ఇంత అని ఈసీయూ లెక్కేస్తుంది. 70 మిల్లీమీటర్ల చోట 76 పెడితే వైశాల్యం 18 శాతం పెరుగుతుంది. ఈసీయూకి గాలి తక్కువగా కనిపించి పెట్రోల్ తగ్గిస్తుంది. మామూలుగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ సరిదిద్దుతుంది కానీ, పూర్తిగా తొక్కినప్పుడు నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి మండడం) భయం ఉంటుంది. బిగించాక ఫ్యూయెల్ ట్రిమ్స్ (ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం సరిదిద్దుతోందో చెప్పే రీడింగ్) చూడండి. 10 శాతం దాటితే ట్యూన్ చేయించేదాకా గట్టిగా తొక్కవద్దు.

అపోహ: కడిగి వాడే ఫిల్టర్‌కి ఇక ఢోకా లేదు

నేను ఎక్కువ పట్టుబట్టేది ఇక్కడే. మన రోడ్ల మీద మెట్రో పనుల దుమ్ము, లేఅవుట్ల ఎర్రమట్టి కలిసి ఉంటాయి. సన్నని ఇసుక రేణువులు సిలిండర్ గోడల్ని, రింగుల్ని అరగదీస్తాయి. ఆ అరుగుదల ఇవాళ తెలియదు. కొన్నాళ్లకు ఆయిల్ తాగడంగా బయటపడుతుంది. కొనేముందు గాలి ఎంత వదులుతుందని మాత్రమే అడిగి వదిలేయకండి, ఐఎస్ఓ 5011 (ఎయిర్ ఫిల్టర్ల అంతర్జాతీయ ప్రమాణం) పరీక్షలో దుమ్మును ఎంత శాతం ఆపిందో కూడా అడగండి. మంచి పేపర్ ఫిల్టర్ 99 శాతం పైనే ఆపుతుంది. 99కీ 98కీ తేడా ఒక్కటేగా అనిపిస్తుంది కానీ, లోపలికి పోయే దుమ్ము రెట్టింపు అవుతుంది. ఆ ఫలితం చూపించని బ్రాండును నేను నా కస్టమర్లకు చెప్పను.

ఆయిల్ పూసే కాటన్ ఫిల్టర్ అయితే కడిగి పూర్తిగా ఆరాకే ఆయిల్ పట్టించండి. ఎక్కువైతే మ్యాఫ్ సెన్సర్ మీద చేరుతుంది. అనుమానం ఉంటే పాత ఇంజిన్ ఆయిల్‌ను ల్యాబ్‌కి పంపండి. అందులో సిలికాన్ పెరుగుతుంటే దుమ్ము లోపలికి పోతోందని అర్థం.

అపోహ: బంపర్ కింద ఫిల్టర్ పెడితే చల్లగాలి దొరుకుతుంది

దొరుకుతుంది, వానాకాలంలో నీళ్లు కూడా దొరుకుతాయి. 2022 సెప్టెంబరులో అవుటర్ రింగ్ రోడ్డు మునిగినప్పుడు చూశాం కదా. ఇంజిన్‌లోకి నీళ్లు పోతే వాటిని నొక్కి కుదించడం పిస్టన్ వల్ల కాదు, పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు ఇన్సూరెన్స్ ఈ నష్టానికి సాధారణంగా డబ్బివ్వదు, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ విడిగా ఉండాలి.

అపోహ: ఆర్సీలో ఇన్‌టేక్ ఉండదు కాబట్టి అడిగేవాళ్లుండరు

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధమైన మార్పులను ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. వారంటీ క్లెయిమ్‌లోనూ ఇబ్బంది రావచ్చు. శబ్దం కోసమే ఇన్‌టేక్ కావాలని ఎవరైనా అంటే నేను తప్పు పట్టను, అది మంచి కోరికే. కానీ ఇవన్నీ ముందే చెప్పి, ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేయమంటాను. తీసిన కంపెనీ బాక్స్‌ను క్లిప్పులు, రబ్బర్లతో సహా కవర్‌లో కట్టి వాళ్లకే ఇచ్చేస్తాను. కారు అమ్మేటప్పుడు కొనేవాళ్లు దాన్ని తప్పకుండా అడుగుతారు.