కుక్క కక్కుదామని చూస్తోంది, ఏమీ రావట్లేదు: అపోహలు - వాస్తవాలు

రాత్రి పదకొండు దాటాక ఫోన్ వచ్చింది. "డాక్టర్ గారూ, మా జర్మన్ షెపర్డ్ సాయంత్రం అన్నం తిన్నాక ఒకటే ఓకరిస్తోంది. కాస్త తెల్ల నురగ తప్ప ఏమీ పడట్లేదు. వాము నీళ్లు పట్టించాం. పొద్దున్నే తీసుకురమ్మంటారా?"

ఇప్పుడే బయలుదేరమన్నాను. వచ్చేసరికి అది నిలబడలేకపోతోంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. అది బతికింది. కానీ తెల్లారేదాకా ఆగి తెచ్చినవాటిలో చాలావాటిని నేను కాపాడలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

మేం దీన్ని జీడీవీ అంటాం. జీర్ణాశయం గాలితో ఉబ్బి మెలి తిరుగుతుంది. గాలి పైకి రాదు, కిందికి పోదు. ఉబ్బిన ఆ సంచి, ఒంటి వెనక భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను నొక్కేస్తుంది. దాంతో ఒంట్లో రక్తప్రసరణ పడిపోయి కుక్క షాక్‌లోకి వెళ్తుంది. కొన్ని గంటల్లోనే జీర్ణాశయం గోడ చచ్చుబడడం మొదలవుతుంది.

అపోహ: అజీర్తే కదా, వాము నీళ్లో ఈనోనో పడితే సర్దుకుంటుంది.

వాస్తవం: మెలిపడిన కడుపులోంచి మందు ముందుకు కదలదు. ఈనో, వంటసోడా లాంటివి ఇంకాస్త గ్యాస్ పుట్టిస్తాయి. పశువులు ఉన్న ఇళ్లలో నూనె కూడా పట్టిస్తుంటారు. గేదె కడుపులో నురగ కట్టినప్పుడు నూనె పనిచేసే మాట నిజమే. కుక్కలో సమస్య నురగ కాదు, మెలిక. ఓకరిస్తున్న కుక్క నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఉప్పు నీళ్లతో కక్కించబోవద్దు. పొట్ట నొక్కొద్దు, తిండీ నీళ్లూ పెట్టొద్దు. ఒకరు బండి తీస్తుంటే ఇంకొకరు ఆసుపత్రికి ఫోన్ చేసి, ఎక్స్‌రే, ఆపరేషన్ ఇప్పుడు కుదురుతాయా అని అడగండి. రాత్రిపూట మీ దగ్గర్లో ఎవరు చేస్తారో ఇవాళే కనుక్కొని నంబర్ దాచుకోండి.

అపోహ: పొట్ట ఉబ్బలేదు కాబట్టి భయం లేదు.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టే అపోహ ఇదే. గ్రేట్ డేన్, డాబర్‌మన్, జర్మన్ షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ కుక్కల్లో జీర్ణాశయం చాలావరకు పక్కటెముకల చాటున ఉంటుంది. మొదట్లో ఉబ్బు కంటికి కనిపించకపోవచ్చు. ముందు కనిపించేవి వేరు: పదే పదే ఓకరించి ఏమీ రాకపోవడం, చొంగ కారడం, ఒక చోట కుదురుగా పడుకోలేక లేచి తిరగడం, తల తిప్పి పొట్ట వైపు చూసుకోవడం. చిగురు మీద వేలితో నొక్కి వదలండి. ఆరోగ్యంగా ఉంటే 2 సెకన్లలోపు గులాబీ రంగు తిరిగొస్తుంది. మీ కుక్క బాగున్నప్పుడే ఒకసారి చూసి పెట్టుకుంటే, ఆ రాత్రి టెన్షన్‌లో తేడా తెలుస్తుంది. అయితే చిగుళ్లు బాగున్నాయని మాత్రం ఆగిపోవద్దు. అవి పాలిపోయేసరికే ఆలస్యం అయివుంటుంది.

అపోహ: గిన్నె ఎత్తు మీద పెడితే ఇది రాదు.

వాస్తవం: అలా కాపాడుతుందనడానికి ఆధారం లేదు. అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు 2000లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్ద జాతి కుక్కలకు ఎత్తు గిన్నెతో ప్రమాదం పెరిగినట్టే కనిపించింది. రోజుకు ఒకేసారి కడుపు నిండా పెట్టకుండా రెండు మూడు పూటలుగా పెట్టండి. గబగబా మింగే కుక్క నెమ్మదిగా తినేలా చూడండి.

అపోహ: గొట్టం వేసి గాలి తీశారు, లేచి తిరుగుతోంది, ఇక ఆపరేషన్ ఎందుకు?

వాస్తవం: గాలి తీయడం, సెలైన్ ఎక్కించడం ప్రాణాన్ని ఆపరేషన్ దాకా నిలబెట్టడానికే. గొట్టం లోపలికి దిగినంత మాత్రాన మెలిక లేదని కూడా చెప్పలేం. ఆపరేషన్‌లో మెలిక విప్పి, చచ్చుబడిన భాగం ఉంటే తీసేసి, జీర్ణాశయాన్ని పొట్ట గోడకు కుట్టేస్తాం. ఆ కుట్టు వేయకపోతే సగానికి పైగా కుక్కల్లో మళ్లీ వస్తుంది. వేస్తే మళ్లీ మెలిపడడం చాలా అరుదు. ఆడ గ్రేట్ డేన్‌కు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేవాళ్లు, అదే మత్తులో ఈ కుట్టు కూడా ముందుగానే వేయించుకోవచ్చు. డాక్టర్‌ని అడగండి.