కాటుక పట్టిన పంపు

పలమనేరు దగ్గర మా మామ వాళ్ల కొట్టంలో పాలు పితికే మెషీన్ ఉంది. దాని వాక్యూమ్ పంపు పక్కన చిన్న నూనె సీసా. అందులోంచి ఒక్కో చుక్కా పంపులోకి జారుతూ ఉండాలి. "నూనె అయిపోతే పంపు పట్టేస్తుందిరా, పొద్దున లేవగానే ముందు అది చూడాల" అంటాడు మామ. చిన్న విమానాలు చాలా వాటిలో ఇంజన్ వెనకాల కూడా ఇలాంటి పంపే ఉంటుంది. దానికి మాత్రం ఆ నూనె చుక్కే విషం.

రేణిగుంటలో దిగే పెద్ద జెట్ విమానాల్లో ఈ పంపు ఉండదు. పిస్టన్ ఇంజన్‌తో ఎగిరే చిన్న విమానాల సంగతి ఇది.

రెండు పంపులూ పనిచేసే తీరు ఒకటే. డబ్బా లోపల రోటర్, దాని గాడుల్లో పలకలు. రోటర్ తిరుగుతుంటే పలకలు బయటికి జారి, గోడను రాసుకుంటూ గాలిని ఒక పక్క పీల్చి ఇంకో పక్కకు తోసేస్తాయి. మామ పంపులో ఆ రాపిడిని నూనె తగ్గిస్తుంది. విమానం పంపులో పలకలు గ్రాఫైట్‌వి, అంటే పెన్సిల్ ములుకులో ఉండే సరుకే. అవి కొద్దికొద్దిగా అరిగి, ఆ పొడి గోడకు పల్చటి పొరలా పట్టుకుంటుంది. ఆ పొర మీదే పలకలు జారతాయి. ఇందుకు గాలిలో కాస్త తేమ కూడా కావాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బాగా ఎత్తున ఎగిరిన విమానాల్లో, తేమ లేని గాలికి జనరేటర్ల కార్బన్ బ్రష్‌లు, అంటే రాసుకుంటూ కరెంటు అందించే ఇలాంటి గ్రాఫైట్ ముక్కలే, ఇట్టే అరిగిపోయేవి.

మరి ఈ పొడిలో నూనె పడితే? దీపం మసిలో ఆముదం కలిపితే ఏమవుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. అచ్చం ఆ కాటుకే పంపు లోపల తయారవుతుంది. గాడుల్లో పలకలు అతుక్కుపోతాయి, రోటర్ పగులుతుంది. పంపు బిగుసుకుపోతే ఇంజన్ దెబ్బతినకూడదని మధ్యలో ప్లాస్టిక్ కప్లింగ్ పెడతారు. అది పుటుక్కున తెగుతుంది. ఇంజన్ మామూలుగానే నడుస్తుంది.

నాకు భయం వేసేది ఇక్కడే. బయటి గాలి కంటే సుమారు 5 అంగుళాల పాదరసం మేర తక్కువ పీడనంతో ఈ పంపు లాగే గాలే కాక్‌పిట్‌లో జైరోలను, అంటే బొంగరంలా గిర్రున తిరిగే చక్రాలను, తిప్పుతుంది. విమానం ఒరిగిందా, నిటారుగా ఉందా అని చూపించేది ఆ జైరోనే. పంపు ఆగినా అది వెంటనే ఆగదు. కొన్ని నిమిషాల పాటు వేగం తగ్గుతూ, మెల్లగా తప్పు చూపించడం మొదలుపెడుతుంది. కార్తీకంలో శేషాచలం కొండల మీద కమ్ముకునే మబ్బుల్లాంటి వాటిలో, బయట ఏమీ కనపడనప్పుడు, పైలట్ ఆ తప్పునే నమ్మి విమానాన్ని వంచేయొచ్చు. అందుకే పంపు ఎంత గట్టిగా లాగుతోందో చూపించే వాక్యూమ్ గేజ్ మీద ఒక కన్ను వేసి ఉంచమని నేర్పిస్తారు.

నూనె ఎక్కువగా వచ్చేది పంపు బిగించే చోటి నుంచే. ఇంజన్ షాఫ్ట్ చుట్టూ ఉన్న ఆయిల్ సీల్ అరిగితే, ఇంజన్ ఆయిల్ షాఫ్ట్ వెంట పాకి పంపులోకి చేరుతుంది. ఈ సీల్ మార్చకుండా కొత్త పంపు బిగిస్తే అదీ పాత పంపు దారే పడుతుంది. పాత పంపు వదిలిన కార్బన్ ముక్కలు గొట్టాల్లో మిగలకుండా చూడాలి, ఫిల్టర్ కొత్తది వేయాలి.

ఇంకో ముప్పు శుభ్రం చేసేటప్పుడు. ఇంజన్ జిడ్డు వదలడానికి సాల్వెంట్ కొడతారు. అది పంపులోకి దూరితే నూనె చేసిన పనే చేస్తుంది. అందుకే జాగ్రత్త గల మెకానిక్ స్ప్రే గన్ పట్టుకునే ముందే పంపుకు పాలిథిన్ కవర్ చుట్టి గట్టిగా కడతాడు. కడగడం అయ్యాక కవర్ విప్పి, టార్చి వేసి, పంపు మొదట్లో వేలు పెట్టి చూస్తాడు. వేలికి నల్లగా, జిడ్డుగా అంటుకుందంటే, ఆ రోజు ముందు విప్పేది ఆ పంపునే.