కప్పు ఎటు తిరుగుతుంది?

నాన్న పాత సైకిలు తొక్కుతుంటే పెడళ్ల మధ్య కటకటమంటోందని ఒక ఆదివారం విప్పడం మొదలుపెట్టాను. ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్నులు కొట్టి క్రాంకులు (పెడళ్లు తగిలించిన కడ్డీలు) తీశాను. ఆ ఇరుసు తిరిగే గూటిని బాటమ్ బ్రాకెట్, ముద్దుగా బీబీ అంటారు. దానికి రెండు పక్కలా మరతో బిగించిన గిన్నెల్లాంటి కప్పులుంటాయి. ఎడమవైపు కప్పు పెద్దగా సతాయించకుండా వచ్చింది. ఇరుసు, గోళీలు బయటపడ్డాయి. చైను వైపు కప్పు మాత్రం కదల్లేదు. స్పానర్‌కి ఇనుప గొట్టం తొడిగి వేలాడాను. స్పానర్ జారి వేళ్ల మెటికలు గీరుకుపోయాయి. అంతసేపూ దాన్ని ఇంకా బిగిస్తూ ఉన్నానని తర్వాత తెలిసింది.

బ్రిటిష్ పద్ధతి ఫ్రేముల్లో చైను వైపు కప్పుకి ఎడమ మర ఉంటుంది. ఊడాలంటే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. ఇలా తలకిందులుగా ఎందుకు పెట్టారు?

ఒక చేతి గాజు తీసుకుని అందులో పెన్సిల్ నిలబెట్టండి. పెన్సిల్‌ని గాజు లోపలి అంచుకి ఆనించి, జారకుండా, కుడివైపుగా చుట్టూ దొర్లించండి. పెన్సిల్ తన చుట్టూ తాను ఎడమవైపుకి తిరుగుతుంది. కప్పుకీ ఇదే జరుగుతుంది. ఎంత బిగించినా కప్పుకీ ఫ్రేముకీ మధ్య వెంట్రుకలో వంతు సందు ఉంటుంది. తొక్కుతున్నప్పుడు లోపల గోళీలు దొర్లుతూ కప్పుని ఒక్కోచోట ఫ్రేముకేసి నొక్కుతాయి. ఆ ఒత్తిడి ముందుకి సాగేకొద్దీ కప్పు వెనక్కి పాకుతుంది. కుడివైపు నుంచి చూస్తే క్రాంకు సవ్యంగా తిరుగుతుంది, కప్పు అపసవ్యంగా పాకుతుంది. మామూలు మర అయితే అలాగే ఊడిపోతుంది. ఎడమ మర అయితే ఇంకా బిగుస్తుంది. ఇటాలియన్ ఫ్రేముల్లో రెండు వైపులా మామూలు మరే పెట్టారు. వాటిలో కుడి కప్పు వదులవుతుందని తొక్కేవాళ్లు ఇప్పటికీ గొణుగుతుంటారు.

పెడళ్లలో లెక్క మళ్లీ తిరగబడుతుంది, అక్కడ ఎడమ మర ఎడమ పెడల్‌కి. 1903లో విమానం ఎగరేసిన రైట్ సోదరులు అంతకుముందు డేటన్‌లో సైకిళ్ల వ్యాపారం చేసేవాళ్లు. ఊడిపోని పెడళ్లంటూ వాళ్లు అమ్మినవి ఈ ఏర్పాటుతోనే.

దిశ తెలిసింది సరే, తుప్పు సంగతేమిటి? సీటు రాడ్డు పక్క నుంచి దిగిన వాననీళ్లు చివరికి చేరేది ఫ్రేములో అన్నిటికంటే కింద ఉన్న ఈ గూటికే. ఇనుము తుప్పుగా మారితే కనీసం రెట్టింపు చోటు కావాలి. మరచుట్ల సందుల్లో ఆ చోటెక్కడుంది? అందుకే పచ్చడి జాడీలో గుడ్డ కుక్కినట్టు బిగుసుకుపోతుంది. విశాఖ, కాకినాడల్లాంటి చోట ఉప్పుగాలి దీన్ని ఇంకా తొందర చేస్తుంది.

కిరసనాయిలు లాంటి పలచటి నూనె పోస్తే సన్నటి సందుల్లోకి దానంతటదే పాకుతుంది, దీపం వత్తిలోకి ఎక్కినట్టు. కానీ దానికి టైమివ్వాలి, గంట కాదు, ఒక రాత్రి. చాలామంది పోసిన అయిదు నిమిషాలకే స్పానర్ పట్టుకుంటారు (నేనూ అంతే). వేడి చేయమనే సలహా గుడ్డిగా పాటించకండి. అల్యూమినియం వేడికి ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అల్యూమినియం ఫ్రేములో స్టీలు కప్పుంటే వేడి మేలు చేస్తుంది. స్టీలు ఫ్రేములో అల్యూమినియం కప్పుంటే ఇంకా బిగిస్తుంది. కార్బన్ ఫ్రేము దగ్గరికి మంట తీసుకెళ్లనే వద్దు.

మిగిలింది పట్టు. ఈ కప్పు అంచు పలచన, స్పానర్ నిలవదు. మా వీధి చివర సైకిల్ షాపు తాత దళసరి బోల్టు ఒకటి తెచ్చి, ఇరుసు దూరే రంధ్రంలోంచి బయటనుంచి లోపలికి దూర్చాడు. రెండు వైపులా పెద్ద వాషర్లు వేసి, లోపల నట్టు పట్టుకుని కప్పు మీద గట్టిగా బిగించాడు. ఆపైన నట్టు వదిలేసి బోల్టు తలని సవ్యంగానే తిప్పుతూ పోయాడు. బోల్టు బిగిసే వైపు, ఎడమ మర కప్పు ఊడే వైపు ఒకటే! పట్టు జారిందా, నట్టు పట్టుకుని అదే దిశలో ఇంకాస్త బిగించడమే. "కండ ఎందుకు బాబూ, మర చూసుకోవాలి గానీ" అన్నాడు.

టక్కుమని ఒక చప్పుడు. తర్వాత చేత్తోనే తిరిగింది. లోపల ఎర్రటి బురద, అరిగిన రెండు గోళీలు. మరచుట్లు బ్రష్‌తో తోమి, గ్రీజు దట్టంగా పూసి, కొత్త కప్పుని ఈసారి అపసవ్యంగా తిప్పి ఎక్కించాను.