పాప్రా, పాపడు, సర్దార్: ఒకే మనిషికి మూడు పేర్లు

ఆగస్టు 18 వస్తే తెలంగాణలో సర్దార్ సర్వాయి పాపన్న జయంతి. విగ్రహాలకు దండలు, గౌడ సంఘాల ర్యాలీలు, ప్రభుత్వం తరఫున సభలు. ఆ రోజే ఏటా వచ్చే పంచాయితీ కూడా ఒకటుంది. గోల్కొండను గెలిచిన బహుజన వీరుడని ఒకరంటారు, దారులు కొట్టిన దొంగ అని ఇంకొకరంటారు. రెండు వాదాల వెనుకా మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర ఇద్దరినీ ఇబ్బంది పెట్టేలాగే ఉంటుంది.

దొంగ అన్న మాట మొదట రాసిపెట్టింది ఖాఫీ ఖాన్. మొగలుల కొలువులో పనిచేసి, పారశీకంలో 'ముంతఖబుల్ లుబాబ్' అనే చరిత్ర రాశాడు. అందులో పాపన్న పేరు 'పాప్రా'. కల్లు అమ్ముకునే కులంవాడికి ఇంత పొగరా అన్న చిరాకు ఆ రాతలో దాగదు. విచిత్రం ఏమిటంటే, పాపన్న ఎప్పుడు ఏ ఊరి మీద పడ్డాడో మనకు తెలిసింది చాలావరకు ఆ చిరాకు మనిషి వల్లే.

కథకు మొదలు 1687. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. అక్కడి చివరి కుతుబ్‌షాహీ సుల్తాను తానాషా ఖైదీగా వెళ్లాడు. కుతుబ్‌షాహీల కింద పెత్తనం చేసిన స్థానికుల స్థానంలో ఉత్తరాది నుంచి ఫౌజుదార్లు, అంటే ప్రాంతాన్ని అదుపులో పెట్టే సైనికాధికారులు, దిగారు. మరాఠాలతో తెగని యుద్ధం, దాని ఖర్చంతా రైతు నెత్తిన. దాని మీద 1702-04 మధ్య దక్కన్‌లో పెద్ద కరువు. బాటలు భద్రం కాకుండా పోయాయి. పాపన్న ఒక్కడే కాదు, ఆ కాలంలో పదిమందిని కూడగట్టగలిగిన ప్రతివాడూ ఒక గుట్ట చూసుకున్నాడు.

ఖాఫీ ఖాన్ చెప్పే పాపన్న తొలి సాహసం ఏ జయంతి సభలోనూ వినపడదు. కలిగినింట పడ్డ తన సొంత అక్కనే దోచి, ఆ సొమ్ముతో మనుషులను పోగేశాడట. తారికొండ గుట్ట మీద చిన్న కోట కట్టి, వరంగల్-హైదరాబాద్ బాటలో వర్తకులను కొట్టాడు. మొగల్ మనుషులు తరిమితే కౌలాస్ జమీందారు వెంకట్రావు దగ్గర కొలువుకు కుదిరాడు. అక్కడా చేయి ఆగలేదు, జైల్లో పడ్డాడు. జమీందారు కొడుక్కు జబ్బు చేస్తే, పుణ్యం వస్తుందని ఆయన భార్య ఖైదీలందరినీ వదిలిపెట్టించింది. పాపన్న బయటపడ్డాడు. అక్క మీద దాడి నిజమో, శత్రువు అంటగట్టిన మచ్చో తేల్చడం కష్టం. కానీ అదే పుస్తకంలో తర్వాత వచ్చే వరంగల్ దాడిని నమ్మి, దీన్ని మాత్రం కొట్టిపారేయడం కుదరదు కదా.

ఆ తర్వాత చేరింది షాపూర్. ఇప్పటి జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్ ఇదే. సర్వ అనే జతగాడు తోడయ్యాడు. అణచడానికి వచ్చిన ఖాసిం ఖాన్ పోరులో చనిపోయాడు. హైదరాబాద్ పాలన చూస్తున్న రుస్తుం దిల్ ఖాన్ స్వయంగా వచ్చి రెండు నెలలు ముట్టడించాడు. పాపన్న జారుకున్నాడు, కోటను పడగొట్టి ఆయన వెళ్లిపోయాడు. ఆయన వెళ్లగానే పాపన్న తిరిగొచ్చి ఈసారి రాతితో మరింత గట్టిగా కట్టాడు. ఊరి నడుమ ఈరోజు కనిపించే బురుజులు ఆ పంతానికి గుర్తు. 1707లో రుస్తుం దిల్ మళ్లీ వచ్చాడు. ఈసారి డబ్బు పుచ్చుకుని వెనుదిరిగాడు.

ఆ ఏడే మార్చిలో ఔరంగజేబు పోయాడు. కొడుకుల కొట్లాట మొదలైంది. చిన్నవాడు కాంబక్ష్ హైదరాబాద్‌లో తానే పాదుషానన్నాడు. అనుమానం పెరిగి రుస్తుం దిల్ ఖాన్‌ను 1708లో ఏనుగు కాళ్ల కింద తొక్కించాడు. పాపన్న పెద్ద దాడులు రెండూ ఆ ఏడాదివే. 1708 మార్చి ఆఖరున, మొహర్రం ఆషూరా ముందురాత్రి, రెండు మూడు వేల కాల్బలంతో, నాలుగైదు వందల గుర్రాలతో వరంగల్ మీద పడ్డాడు. ఊరంతా పీర్ల పండుగలో ఉంది. రెండు మూడు రోజులు దోపిడీ సాగింది. జూన్‌లో భువనగిరి, అదీ ప్రవక్త జన్మదినం నాడే. పండుగ రోజున కాపలా పలుచగా ఉంటుందన్న దొంగలెక్క అది, మతద్వేషం కాదు. అతని దండులో ముస్లింలూ ఉన్నారు.

సొమ్ముతో పాటు పెద్దింటి ఆడవాళ్లను, పిల్లలను కూడా పట్టుకుపోయాడు. వాళ్ల కోసం షాపూర్‌లో ప్రత్యేకంగా ప్రాకారం కట్టించాడు. వీరుడనే వాళ్లు ఈ పేజీ గబగబా తిప్పేస్తారు. దొంగ అనే వాళ్లు తిప్పేసే పేజీ వేరు: దోచిన డబ్బుతో పాపన్న 700 జోడు గొట్టాల తుపాకులు కొన్నాడు. బంజారాల నుంచి వేల ఎడ్లను గుంజుకుని షాపూర్ చుట్టూ పొలాలు దున్నించాడు. ఉత్త దారిదొంగ సేద్యం పెట్టుకోడు. నిలబడి ఏలాలనుకున్నవాడి తీరిది.

1709 జనవరిలో, ఆ కొట్లాటలో గెలిచి పాదుషా అయిన బహదూర్ షా హైదరాబాద్ వచ్చి తమ్ముడు కాంబక్ష్‌ను ఓడించాడు. కాంబక్ష్ ఆ గాయాలతోనే చనిపోయాడు. అప్పుడు జరిగిన దర్బారులో పాపన్న నిలబడ్డాడు. పాదుషాకు 14 లక్షల రూపాయలు, సైన్యానికి బోలెడంత దినుసులు సమర్పించి, ప్రతిగా ఖిలత్తు, అంటే గౌరవ దుస్తులు, అందుకున్నాడు. నా దృష్టిలో పాపన్న జీవితానికి శిఖరం ఇదే. అందరూ చెప్పుకునే గోల్కొండ విజయం ఖాఫీ ఖాన్‌లో లేదు. జరిగి ఉంటే, అంత అక్కసు ఉన్నవాడు అంత పెద్ద నేరాన్ని రాయకుండా వదలడు.

ఆ ఖిలత్తే పీకల మీదికి తెచ్చింది. కల్లు అమ్మేవాడికి దర్బారు మర్యాదా అని పెద్దలు భగ్గుమన్నారు. షా ఇనాయత్ అనే పెద్దాయన ముందు నిలిచి మొర పెట్టాడు. చెరలో ఉన్నది వాళ్ల ఆడవాళ్లు మరి. హైదరాబాద్ కొత్త పాలకుడు యూసుఫ్ ఖాన్‌కు పాపన్నను పట్టమని ఆజ్ఞ అయింది. దిలావర్ ఖాన్ సేనతో కదిలాడు. ఆ సమయానికి పాపన్న వేరొక చోట ముట్టడిలో ఉన్నాడు. షాపూర్ చెరలో ఉన్నవాళ్లలో అతని బావమరిది, ఒక ఫౌజుదారు, కూడా ఉన్నాడు. అతనికి అన్నంలో ఆకురాళ్లు దాచి పంపింది సాక్షాత్తు పాపన్న భార్య. సంకెళ్లు తెంచుకున్న ఖైదీలు కోట పట్టేసుకున్నారు. తిరిగొచ్చిన పాపన్న మీద అతని ఫిరంగులే పేలాయి.

తారికొండకు చేరి నెలల తరబడి కాచుకున్నాడు. తన వైపు వస్తే రెట్టింపు జీతం ఇస్తానని యూసుఫ్ ఖాన్ ఆశపెడితే మనుషులు జారిపోయారు. మందుగుండు అయిపోయింది. 1710లో ఒక రాత్రి ఒక వాకిట చెప్పులు, ఇంకో వాకిట హుక్కా వదిలి, ఎటు పోయాడో తెలియకుండా తప్పుకున్నాడు. కాలికి గాయం. హసనాబాద్‌లో ఒక గీతకార్మికుడి దగ్గర కల్లు అడిగాడు. అతను గుర్తుపట్టి కబురు చేశాడు, సొంత కులంవాడే. పట్టుకున్నాక చంపి ముక్కలు చేశారు. తల ఢిల్లీకి పంపారు, మొండెం హైదరాబాద్ దర్వాజాకు వేలాడదీశారు.

చూసినవాళ్లు మళ్లీ ఆ ఊసెత్తకూడదని చేసిన పని అది. అయినా ఊసు ఆగలేదు. 1870ల మొదట్లో బాయిల్ అనే ఇంగ్లీషు అధికారి తెలుగు వీరగాథలు సేకరిస్తుంటే, తారికొండకు ఎంతో దూరంగా ఉన్న బళ్లారిలో దొరికిన పాటల్లో పాపడిది ఒకటి. అందులో తల్లి కులవృత్తి చేసుకోమంటుంది, కొడుకు గోల్కొండ కావాలంటాడు. వెంట నడిచినవాళ్ల జాబితాలో దూదేకుల, చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, ఎరుకల, యానాది, అందరూ ఉన్నారు. ఖాఫీ ఖాన్ రాయని గోల్కొండ అక్కడుంది. చెరలోని ఆడవాళ్ల ప్రాకారం మాత్రం ఖాఫీ ఖాన్ పుస్తకంలోనే మిగిలింది.