నెల రోజులు సిగరెట్ మానినా వీర్యకణాల కౌంట్ పెరగలేదా?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చే మన తెలుగు జంటలు తరచూ అనే మాట: "నెల రోజులుగా సిగరెట్ ముట్టలేదండీ, అయినా కౌంట్ అంతే ఉంది. ఇక నేరుగా ఐవీఎఫ్‌కే వెళ్తాం."

ఆగండి. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, బయటికి వచ్చేలోపు కదలిక సంతరించుకోవడానికి మరికొన్ని రోజులు పడతాయి. అంటే ఇవాళ్టి శాంపిల్‌లో ఉన్నవి దాదాపు మూడు నెలల కిందట మొదలైనవి. ఉగాదికి మానేస్తే రిపోర్టు చూడాల్సింది ఆషాఢంలో. (కొత్త జంటలైతే అప్పటికి అమ్మాయి పుట్టింట్లో ఉంటుంది, అది వేరే సంగతి.) గుట్కాకీ మందుకీ ఇదే లెక్క. డెంగీతో ఒళ్లు కాలిపోయిన మనిషికి రెండు మూడు నెలలదాకా కౌంట్ పడిపోవచ్చు. ఆ రిపోర్టు పట్టుకుని ఏడవకండి, మళ్లీ చేయించండి.

శాంపిల్ తప్పుగా ఇచ్చినా రిపోర్టు తప్పే. కలయికకు 2 నుంచి 7 రోజుల విరామం ఉండాలి. పదిహేను రోజులు 'దాచిపెడితే' పరిమాణం పెరిగి కదలిక తగ్గుతుంది. సబ్బు, నూనె, ఉమ్మి తగలకూడదు. మొదటి చుక్కల్లోనే కణాలెక్కువ. అవి డబ్బాలో పడకపోతే మొహమాటపడకుండా ల్యాబ్‌లో చెప్పండి. ఇంట్లో తీస్తే చల్లబడకుండా చొక్కా లోపల పెట్టుకుని గంటలోపు చేర్చాలి. సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటాలంటే మాత్రం ల్యాబ్‌లోనే ఇవ్వడం మేలు.

మిల్లీలీటరుకు 1.6 కోట్లు, మొత్తం కదలిక 42 శాతం అనేవి 2021లో డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చిన కింది హద్దులు. అవి పాస్ మార్కులు కావు. అంతకంటే తక్కువున్నా పిల్లలు పుట్టినవాళ్లున్నారు.

అన్నిటికన్నా ఖరీదైన అపోహ జిమ్‌లో పుడుతుంది: టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్‌తో మగతనం పెరుగుతుంది కాబట్టి పిల్లలూ పుడతారట! జరిగేది తలకిందులు. బయటినుంచి హార్మోన్ అందగానే మెదడు వృషణాలను పనిచేయించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు పంపడం ఆపేస్తుంది. వృషణాల్లో ఉత్పత్తి పడిపోతుంది, కౌంట్ సున్నాకీ చేరొచ్చు. కండలు మాత్రం బాగానే కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆపాక కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. ప్రోటీన్ పౌడర్ సంగతి వేరు, కానీ డబ్బాలో ఇంకేం కలిపారో చూసుకోండి. వాడుతుంటే డాక్టరుకు దాచొద్దు.

మిగతావి గబగబా. కలిశాక నడుం కింద దిండు అక్కర్లేదు. అండం విడుదల 14వ రోజే అన్నది అందరికీ కాదు: 35 రోజుల నెలసరైతే 21వ రోజు దగ్గర్లో. ఆయనకు నైట్ షిఫ్ట్, ఆమెకు పగలు అయితే ఆ ఒక్క రోజునే నమ్ముకోకుండా రెండు మూడు రోజులకోసారి కలిస్తే చాలు. పీసీఓఎస్‌తో (హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే సమస్య) బరువెక్కువున్న ఆడవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. మగవాళ్లకు ఒడిలో ల్యాప్‌టాప్ వేడి మంచిది కాదు, బల్ల మీద పెట్టుకోండి.

అమ్మాయికి స్కాన్ల మీద స్కాన్లు తీయించి, అబ్బాయికి ఒక్క పరీక్షా చేయించని అత్తగార్లకు: పరీక్షలు మొదలుపెట్టిన మొదటి వారంలోనే ఇద్దరికీ చేయించండి. ఆమెకు 35 దాటి ఆరు నెలల ప్రయత్నం అయిపోతే, లేదా కౌంట్ సున్నా అయితే, పైన చెప్పిన మూడు నెలలు ఆగొద్దు. అలవాట్లు మార్చుకుంటూనే డాక్టరును కలవండి.