హెడ్‌ఫోన్‌కి ఇయర్‌ప్యాడ్లు మారిస్తే: అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్యాడ్ చెవి సుఖానికే, పాట పలికేది డ్రైవరే (కప్పులోని చిన్న స్పీకరు).

పలికేది డ్రైవరే. కానీ డ్రైవరుకీ చెవికీ నడుమనున్న గాలి గదికి ప్యాడ్లే గోడలు. గోడలో సందు పడితే ముందు జారిపోయేది బేస్ (మంద్ర శబ్దం), అందులోనూ అట్టడుగు బేస్. ప్యాడ్ మందమైతే డ్రైవరు దూరమై ట్రెబుల్ (సన్నని, పై శబ్దాల) తీరు మారుతుంది. లోపలివైపు నున్నటి లెదర్ శబ్దాన్ని తిప్పికొడుతుంది, వెలూర్ (మఖమల్ లాంటి) బట్ట కొంత పీల్చుకుంటుంది. ప్యాడ్ మార్చినప్పుడు ఈ మూడూ ఒకేసారి మారొచ్చు. అందుకే "లెదర్ వేస్తే బేస్ పెరుగుతుంది" అన్న గుండుగుత్త మాట సగమే నిజం. బేయర్‌డైనమిక్ డీటీ 990 వెలూర్ ప్యాడ్లతోనే వస్తుంది. దానికి లెదర్ తొడిగితే మెరుగైన 990 రాదు, ఇంకో హెడ్‌ఫోన్ వస్తుంది.

క్లోజ్డ్ బ్యాక్ (కప్పు వెనక మూసి ఉన్న) హెడ్‌ఫోన్‌లో సందు పట్టుకోవడం తేలిక. 30 హెర్ట్జ్ టోన్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, కప్పులను అరచేతులతో మెల్లగా అదమండి. శబ్దం ఒక్కసారిగా పెరిగిందా, గాలి పోతోందన్నమాట. ప్యాడ్‌ను తిట్టేముందు కళ్లజోడు కాడ, జుట్టు చూసుకోండి.

అపోహ: ఎంత మందమైతే అంత హాయి.

చెవి కప్పు లోపలి జాలీకి తగలకపోవడం వరకు లాభమే. కానీ మందం పెరిగేకొద్దీ హెడ్‌బ్యాండ్ ఇంకా విచ్చుకుని, తలను గట్టిగా పట్టేస్తుంది. కొనేటప్పుడు చూడాల్సింది బయటి కొలత కాదు, లోపలి రంధ్రం పొడవు, వెడల్పు, లోతు. స్కేలుతో చెవిని కొలిచి పోల్చుకోండి. మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి కుదురుకోవడానికి కాస్త సమయం పడుతుంది, పెట్టుకోగానే తీర్పు చెప్పకండి.

అపోహ: తేడా వస్తే ఈక్వలైజర్ (బేస్, ట్రెబుల్ హెచ్చుతగ్గులు సవరించే సెట్టింగ్) ఉందిగా.

రెండు మూడు డెసిబెల్స్ సవరణకు సరే. సందులోంచి పోయిన బేస్‌ను మాత్రం ఈక్వలైజర్‌తో పూడ్చడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. డ్రైవరు ఎక్కువ కదిలి శబ్దం చెదురుతుంది. పైగా పెట్టుకున్న ప్రతిసారీ సందు ఒకేలా ఉండదు.

అపోహ: నాయిస్ క్యాన్సిలేషన్‌కీ (బయటి మోతను అణచడం) ప్యాడ్‌కీ సంబంధం లేదు.

చాలా మోడళ్లలో కప్పు లోపల మైకు ఉంటుంది. దాని లెక్కంతా అసలు ప్యాడ్ కొలతల మీద వేసిందే. వేరే ప్యాడ్‌తో బయటి గుయ్‌మనే మోత సరిగ్గా అణగదు, ఒక్కోసారి కీచుమంటుంది కూడా. వీటికి ఆ మోడల్ కోసం చేసిన ప్యాడే వేయడం మేలు.

అపోహ: వాడకుండా దాచితే ప్యాడ్లు పాడవవు.

పీయూ (కృత్రిమ) లెదర్ గాలిలోని తేమకే పొరలుగా రాలుతుంది, అల్మారాలో ఉన్నా సరే. స్పిరిట్‌తో తుడిస్తే పై పూత ఇంకా త్వరగా పోతుంది. తడిపి పిండిన గుడ్డ చాలు.

ఇక బిగింపు. అంచు ఉన్న ప్యాడ్‌ను కింది నుంచి మొదలుపెట్టి గాడిలో దూర్చుతూ, చుట్టూ తిప్పుకుంటూ రండి. గోరు బదులు పలుచని ప్లాస్టిక్ కార్డు వాడండి. అంచు ఎక్కడైనా మడత పడితే అదే కొత్త సందు. ఒకవైపు మందంగా ఉండే ప్యాడ్లలో మందం చెవి వెనక్కి రావాలి. పాత ప్యాడ్‌తోపాటు డ్రైవరు మీది పలుచని ఫోమ్ బిళ్ల ఊడి వస్తే పారేయకండి, దాన్ని తిరిగి పెట్టకపోతే ట్రెబుల్ చెవిలో గుచ్చుకుంటుంది. "ఈ ప్యాడ్లు బాగాలేవు" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఆ బిళ్ల దగ్గరే తేలతాయి.