అఫ్గాన్ మహిళలకు కుట్టుపనే ఎందుకు?

అఫ్గానిస్తాన్‌లో ఆడవాళ్ల ఉపాధి అనగానే సహాయ సంస్థలకు మొదట తోచేది కుట్టుమిషనే. 1946లో కాబూల్‌లో ఏర్పడిన మహిళా సంక్షేమ సంఘం కూడా చదువుతో పాటు కుట్టూ అల్లికా నేర్పింది. కానీ అప్పుడది ఉన్న పనుల్లో ఒకటి. 1959లో ముసుగు తప్పనిసరి కాదని ప్రభుత్వం తేల్చాక నగరాల్లో ఆడవాళ్లు బడుల్లో, ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో ఉద్యోగాలకు వెళ్లారు. ఆ తలుపులు మూసుకుపోయిన ప్రతిసారీ మిగిలింది కుట్టుపనే. 1980లలో పాకిస్తాన్‌లోని పెషావర్ శరణార్థి శిబిరాల్లోనూ అంతే, గడప దాటకుండా చేయగల పని గనుక దానికే అనుమతి దొరికేది.

తాలిబన్లు 1995లో హెరాత్‌నూ, 1996లో కాబూల్‌నూ పట్టుకున్నాక కుట్టు ఒక ముసుగు కూడా అయింది. హెరాత్‌లో ‘బంగారు సూది’ పేరుతో నడిచిన కుట్టు బడికి ఆడవాళ్లు సంచిలో పైన గుడ్డా కత్తెరా, అడుగున నోటుపుస్తకాలూ పెట్టుకుని వెళ్లేవారు. లోపల సాగేవి సాహిత్య పాఠాలు. కవయిత్రి నాదియా అంజుమన్ అక్కడ చదువుకున్నవారే. కాబూల్‌లోని ఖైర్‌ఖానాలో కమీలా సిద్దిఖీ ఇంట్లోనే బట్టలు కుట్టించి దుకాణాలకు వేస్తూ, చుట్టుపక్కల ఆడవాళ్లకు పని చూపించారు.

2001లో తాలిబన్లు గద్దె దిగాక శిక్షణ కేంద్రాలు వెల్లువలా వచ్చాయి. అహ్మదాబాద్ ‘సేవా’ సంస్థ భారత ప్రభుత్వ సహాయంతో కాబూల్‌లోని బాగ్-ఎ-జనానా అనే ఆడవాళ్ల తోటలో శిక్షణ కేంద్రం పెట్టింది. కాందహార్‌లో రంగీనా హమీదీ, ఖమక్ అనే అతి సన్నని పట్టుదారపు ఎంబ్రాయిడరీని సంపాదన మార్గంగా మలిచారు.

2021 ఆగస్టు 15న తాలిబన్లు మళ్లీ కాబూల్‌ను పట్టుకున్నాక దారులు మళ్లీ మూసుకుపోయాయి. ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి లేదు. 72 కిలోమీటర్లు దాటి వెళ్లాలంటే దగ్గరి మగబంధువు తోడుండాలి. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలూ, స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగాలూ పోయాయి. 2023లో బ్యూటీ పార్లర్లు మూతపడ్డాయి. ఇంటిపట్టున చేసే కుట్టుకు మాత్రం ఇంకా చోటుంది. అందుకే ఈ శిక్షణ సరిగ్గా జరగాలి. సగం నేర్పి వదిలేస్తే ఆ ఒక్క దారీ పోతుంది.

అక్కడ కరెంటు చాలావరకు పొరుగు దేశాల నుంచి కొన్నదే. కోతలు మామూలు కాబట్టి మోటారు మిషన్ కంటే కాలితో తొక్కే మిషనే నయం. మొదటి రోజుల్లో దారం ఎక్కించకుండా గీతల కాగితం మీద కుట్టించాలి. పాదం లయ తప్పితే చక్రం వెనక్కి తిరిగి, దారం చిక్కుపడి తెగుతుంది. మామూలు నూలు గుడ్డకు 14 నంబరు సూది, పల్చని వాటికి 11, మందపాటి వాటికి 16. కుట్టు అడుగున ఉచ్చులు పడుతుంటే చాలామంది బాబిన్ కేసు (అడుగు దారపు రీలు ఉండే డబ్బీ) మర తిప్పేస్తారు. తప్పు సాధారణంగా పై దారానిది, అది దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లల మధ్య సరిగ్గా కూర్చోలేదన్నమాట. కుట్లు దాటేస్తుంటే సూది వంగిందేమో, తిప్పి పెట్టారేమో చూడాలి.

అసలు డబ్బు కుట్టులో కంటే కటింగ్‌లో ఉంది. ఛాతీ 36 అంగుళాలైతే నాలుగో వంతు 9, వదులుకు ఒకటిన్నర, కుట్టుకు అర కలిపి 11 అంగుళాలకు గీయాలి. చదువు అందని మహిళకు ఈ భిన్నాలే పెద్ద అడ్డంకి, కాబట్టి టేపు చదవడం, నాలుగో వంతుకు మడవడం విడిగా నేర్పాలి. నూలు గుడ్డను ముందే తడిపి ఆరబెట్టకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోతుంది, ఆ గిరాకీ మళ్లీ రాదు. మూడు నెలల శిక్షణ దిండు గలేబుల దగ్గరే ఆగిపోతే, బజారులో మగ దర్జీ కత్తిరించి ఇచ్చిన ముక్కలను కూలికి కుట్టడమే మిగులుతుంది. లాభం కత్తెర పట్టినవాడిదే.

రెండో చిక్కు గిరాకీ. ఒకే వాడలో ఇరవై మందికి ఒకే పని నేర్పితే, చేతిలో డబ్బులేని పొరుగువాళ్లే ఒకరికొకరు ఖాతాదారులవుతారు. మరోవైపు లిలామీ అనే పాత దిగుమతి బట్టలు కొత్త గుడ్డ కంటే చవక. పైగా పని ఈద్, పెళ్లిళ్ల చుట్టూ తిరుగుతుంది. విదేశాలకు పంపే ఎంబ్రాయిడరీకి మంచి ధర వస్తుంది గానీ, 2021 తర్వాత బ్యాంకుల ద్వారా డబ్బు రావడం కష్టమై చాలామంది హవాలా మీద ఆధారపడ్డారు.

మన దేశంలోనూ ఈ కథ ఉంది. 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు, కాబట్టి ఇక్కడి అఫ్గాన్ మహిళలకు ఉద్యోగం దొరకడం కష్టం. ఢిల్లీలో ‘సిలాయివాలీ’ సంస్థ మిగిలిపోయిన గుడ్డతో వాళ్ల చేత బొమ్మలు కుట్టిస్తోంది. ఏం కుట్టాలో, ఎవరు కొంటారో ముందే తెలిసిన పని అది.

శిక్షణ ముగిశాక ఇచ్చే మిషన్‌తో పాటు ఒక బెల్టు, అయిదారు బాబిన్లు, మూడు నంబర్ల సూదులు, నూనె సీసా, మొదటి రెండు మూడు ఆర్డర్లకు సరిపడా గుడ్డ కూడా ఇవ్వాలి. బెల్టు తెగిన రోజున బజారుకు వెళ్లే తోడు ఇంట్లో ఉండకపోవచ్చు. పని ఆగితే, తిండికి ఇబ్బందయినప్పుడు ఆ ఇంట్లో ముందు అమ్ముడుపోయేది మిషనే.